రాణిగారి చీర కోసం మూడు ఊళ్ళు

ఆట పేరు చెప్పను. దాన్ని చేయిస్తున్నది ఏ దేశం వాళ్ళో కూడా చెప్పను. చెప్పనని పద్నాలుగు చోట్ల సంతకాలు పెట్టాను. ఊళ్ళ గురించీ, అక్కడి మనుషుల గురించీ మాత్రం ఎవరూ సంతకం అడగలేదు. అందుకని అవి రాస్తున్నాను.

వీడియో గేమ్ అనగానే పిల్లలు ఫోన్లో ఆడుకునేదే మా నాన్నకు గుర్తొస్తుంది. ఇప్పుడు పెద్ద ఆటల ఖర్చు వేల కోట్లలో నడుస్తోందంటే ఆయన కళ్ళజోడు తీసి నన్ను ఎగాదిగా చూస్తారు. నాలుగు దేశాల్లో కూర్చుని వేల మంది ఏళ్ళ తరబడి ఒక్క ఆట చేస్తారు. ఆ వేల మందిలో హైదరాబాదులో ఒక మేడ మీద మేం పద్నాలుగు మందిమి. మా వంతుకొచ్చినవి గోడలూ, గుడ్డలూ, కుండలూ. నిజమైన వస్తువు చుట్టూ తిరిగి వందల ఫొటోలు తీసి కంప్యూటరులో కలిపితే, ఆ వస్తువు తెర మీద అచ్చంగా నిలబడుతుంది. దాన్ని స్కాన్ అంటాం.

ఈ ఆటలో ఒక దక్షిణాది నగరం ఉంది, దానికొక రాణి ఉంది. రాణి చీర మేం రెండుసార్లు చేసి పంపితే రెండుసార్లూ తిప్పి పంపారు. అది గుడ్డలా లేదు, రంగేసిన అట్టలా ఉంది అన్నారు. మూడోది శుక్రవారం సాయంత్రానికి చేరాలి. అదీ నచ్చకపోతే పని వేరే దేశానికి వెళ్ళిపోతుంది, పద్నాలుగు మందీ ఇంటికి వెళ్ళిపోతాం. ఇది చాలదన్నట్టు ఇంకో షరతు. ఆటలోని బొమ్మ ఒక్కటి మా వల్ల బయటికి పొక్కినా ఇదే శిక్ష. రోజుకు నాలుగుసార్లు ఈ శుక్రవారాన్ని తలుచుకుంటూ, నేనూ ఫొటోలు తీసే సుధీరూ సోమవారం రాత్రి బయల్దేరాం.

హిందూపురం

పట్టు ఎలా మెరుస్తుందో మొదటినుంచీ చూడాలని మంగళవారం పొద్దున ముందు హిందూపురంలో దిగాం. పట్టుగూళ్ళ మార్కెట్లో తట్టల నిండా గూళ్ళు. దూరం నుంచి కోడిగుడ్లనుకున్నాను. కొనేవాళ్ళు గుప్పెడు తీసి చెవి దగ్గర ఆడించి, మొహంలో ఏమీ కనపడనివ్వకుండా పక్క తట్టకి పోతున్నారు. తెలుగులో మొదలైన బేరం కన్నడంలో ముగుస్తోంది.

మార్కెట్ బయట ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. ప్లేటు ముప్పై రూపాయలు. మా కాకినాడలో మరమరాలంటే కరకరలాడాల్సిందే, మెత్తబడితే అవతల పారేస్తారు. ఇక్కడ వాటిని బొరుగులంటారు, కావాలని నీళ్ళలో తడిపి తాలింపు పెడతారు. మొదటి ముద్దకి మొహం పెట్టాను. రెండో ప్లేటు నేనే అడిగాను.

అక్కడే మంజునాథ తగులుకున్నాడు. నలభై ఏళ్ళుంటాయి, ఎర్ర చొక్కా, సొంత ఆటో. హిందూపురం నుంచి పట్టు నూలు వేసుకుని ధర్మవరం మగ్గాల ఇళ్ళకు చేరవేస్తుంటాడు.

"ఏం మేడం, గూళ్ళు కొంటారా? సినిమావాళ్ళా?"

"కాదు. రీసెర్చి."

"దేని మింద?"

"పట్టు మీద."

"అందురూ దుడ్లు పెట్టి పట్టు కొంటారు. మీరు ఉత్తగా చూసేదానికి వస్తిరా?" అని సుధీర్ సంచుల వైపు చూశాడు. "రేపు పెనుకొండ మీదనే పోతాండా. రాండి, దింపుతా."

నాకు అబద్ధం ఆడటం చేతకాదు. ఆడానంటే చెవులు ఎర్రబడతాయి. మంజునాథ నా చెవుల వైపే చూస్తున్నట్టు అనిపించింది. అయినా సామాను బరువు గుర్తొచ్చి ఒప్పుకున్నాను.

ఆ మధ్యాహ్నం ధర్మవరం నుంచి నాగరాజు ఫోన్ చేశాడు. రాణి చీరకు నమూనాగా, తను నేస్తున్న పెళ్ళిచీరను స్కాన్ చేయనిస్తానన్న నేతగాడు ఆయనే.

"గురువారం పొద్దున చీర మగ్గం దిగుతాది. రెండింటికి పెండ్లికూతురోళ్ళు వచ్చి తీస్కపోతారు. ఆ మద్దెలో మీరు ఫొటోలు తీసుకోవల్ల."

"చాలండీ, మూడు గంటలు చాలు."

"ఇంకోమాట. మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండాది. పెండ్లి చీర బుటా పెండ్లికూతురి కంటే ముందర బయటోళ్ళు చూడకూడదు. మా నాయన కాలం నుంచీ అంతే. మీ బొమ్మలు రెండేండ్లు బయటికి రావన్నారని ఒప్పుకుంటి."

"ఒక్కరికి కూడా చూపించను. నా పనే రహస్యం అండీ," అన్నాను. ఆ మాట అనేటప్పుడు చెవులు ఎర్రబడలేదు.

పెనుకొండ

రాణి నిలబడే కోటకు గోడ కోసం పెనుకొండలో ఆగాం, అక్కడి ముస్తాబు చేసిన కోట మాకక్కర్లేదు. పాత గోడ ఒకటి కొండ వాలు దిగి పొలాల్లోకి వచ్చి, ఒక వేరుశనగ చేను గట్టున కూలిపోయి ఉంది. ఆ కూలిన ముక్క కావాలి. చేను ఎవరిదో మేం అడగలేదు. తప్పు మాదే. హైదరాబాదులో ఖాళీ జాగా కనపడితే ఎవరినీ అడగం, ఆ అలవాటే ఇక్కడికీ మోసుకొచ్చాం.

రాళ్ళ మీద నలుపు తెలుపు గళ్ళున్న చిన్న కాగితాలు అంటించాం. కంప్యూటరుకి అవి ఆనవాళ్ళు. వెలుగు ఎటునుంచి పడుతోందో తెలియడానికి ఒక కర్ర పాతి, దాని మీద అద్దంలా మెరిసే ఇనుప గుండు పెట్టాం. పదకొండింటికి ఎండ నెత్తిన కూర్చుంది. సుధీర్ షర్బత్తు కలుపుతానని రెండు నిమ్మకాయలు కోసి, పిండిన చెక్కలు ఆ గుండు పక్కనే రాయి మీద పెట్టాడు. మంజునాథ ఆటో నీడలో పడుకుని ఉన్నాడు.

నలుగురు మనుషులు చేనుకు అడ్డంపడి వచ్చారు. ముందు తలగుడ్డ చుట్టుకున్న పెద్దాయన, చేతిలో కర్ర. చేను ఆయనదే, పేరు రామిరెడ్డి అని తర్వాత తెలిసింది.

"ఎవురు మీరు? ఎవురినడిగి దిగినారు చేన్లోకి?"

నేను నోరు తెరిచేలోపు ఆయన చూపు గుండు మీదికి పోయింది. గుండు మీంచి కాగితాల మీదికి, అక్కణ్ణుంచి నిమ్మచెక్కల మీదికి. ఆయన మొహం మారిపోవడం నేను కళ్ళారా చూశాను.

"నిమ్మకాయలు కోసినారా?"

"షర్బత్తుకండీ," అని సుధీర్ ఉప్పు పొట్లం ఎత్తి చూపించాడు. ఎవరూ నవ్వలేదు.

"పోయినేడు ఇట్లనే వస్తిరి. నిమ్మకాయలు కోసి, కుంకుం జల్లి, నిధులుండాయని నా చేన్లో ఆరడుగుల గుంత తీసి పోతిరి. తెల్లారి నా ఎద్దు దాంట్లో పడి కాలిరగ్గొట్టుకునె. అమ్మల్యాక, సాకల్యాక నేను పడింది నాకు తెలుసు."

"మేం కాదు పెద్దాయనా. మేం రీసెర్చి..."

"ఏం రీసర్చి? కాగితం చూపీ."

కాగితం నా సంచిలోనే ఉంది. దాని మీద కంపెనీ పేరుంది. చూపించకూడదు. నేను తడబడటం చూసి రామిరెడ్డి తమ్ముడు సుధీర్ మెడలోంచి కెమెరా లాక్కున్నాడు.

"స్టేషనుకు పాండి. ఆడ చెప్పుకుందురు."

స్టేషనంటే ఈ పూటతో తేలదు. కెమెరా వాళ్ళ దగ్గర ఉండిపోతుంది, రేపు రెండింటికి చీర వెళ్ళిపోతుంది, ఎల్లుండి శుక్రవారం. ఆఫీసులో మిగతా పన్నెండు మంది మొహాలూ వరసగా గుర్తొచ్చాయి. ఇంక దాచి లాభం లేదనుకుని నిజం చెప్పేశాను. విదేశాలవాళ్ళు వీడియో గేమ్ చేస్తున్నారు, వేల కోట్లు పెడుతున్నారు, అందులోకి ఈ గోడ కావాలి అన్నాను.

రామిరెడ్డి కర్ర నేలకు తాటించాడు.

"ఆటకు వేల కోట్లా? మా మండలంలో చెరువులన్నీ పూడిక తీసినా అన్ని దుడ్లు గావు. ఆ దుడ్లు పెట్టి ఆడుకుంటారంటావా? నమ్మేట్టు చెప్పమ్మా."

నిజం చెప్పి అబద్ధాలకోరుననిపించుకోవడం నాకదే మొదటిసారి. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "పది నిమిషాలివ్వండి, చూపిస్తాను. తర్వాత ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాం," అని ఆటోలోంచి ల్యాప్‌టాప్ తెచ్చి గట్టు మీద కూర్చున్నాను. పొద్దున తీసిన ఫొటోలు అప్పటికే అందులో ఎక్కించి ఉన్నాయి. కలపమని నొక్కాను.

పది నిమిషాలు పడుతుందనుకున్నది ఇరవై దాటింది. తెర మీద గీత చీమలా పాకుతోంది. బ్యాటరీ తరుగుతోంది. చుట్టూ మనుషులు పెరిగారు. మంజునాథ కూడా లేచొచ్చి వెనక నిలబడ్డాడు. ఒకాయన ట్రాక్టరు తెమ్మని ఎవరికో ఫోన్ చేస్తున్నాడు, మమ్మల్ని ఎక్కించడానికే అనుకుంటాను.

గీత నిండింది. గోడ తెర మీద నిలబడింది. వేలితో తిప్పితే అటూ ఇటూ తిరిగింది. ఎండ, గడ్డి, రాళ్ళ మధ్య తొర్రలు, అన్నీ ఉన్నాయి.

"ఆగు," అన్నాడు రామిరెడ్డి. వంగి, తెర మీద కింది వరసలో ఒక రాయి చూపించాడు. దాని నెత్తిన నున్నటి పల్లం. "ఇది మా నాయన కొడవండ్లు నూరిన రాయి."

లేచి గోడ దగ్గరికి నడిచాడు. నిజం రాయి మీద చెయ్యి పెట్టి తడిమి చూసుకున్నాడు. తిరిగొచ్చి మళ్ళీ తెరలో చూశాడు. కర్ర కింద పెట్టాడు.

"యాడ నూరినాడో ఆ వాటం గూడా పడిండాది," అన్నాడు తమ్ముడితో. తమ్ముడు కెమెరా తిరిగి సుధీర్ మెడలో వేశాడు.

అక్కడితో ఆగాల్సింది. ప్రాణం కుదుటపడి ఒళ్ళు తెలియలేదు. "ఈ గోడ ఆటలో ఎట్లుంటాది?" అని ఎవరో అడిగారు. "ఇది ఎవరికీ చూపించకూడదు, మీకు కాబట్టి చూపిస్తున్నా," అంటూ ఇంకో ఫైలు తెరిచాను. ఆటవాళ్ళు ముందుగా గీసి పంపిన నమూనా అది, అందులో గోడ కూలకముందున్నట్టు ఉంటుంది, పైన జెండాలు, కింద ఏనుగులు, బురుజు మీద రాణి. పది సెకన్లు చూపించి మూసేశాను. పది సెకన్లే.

రామిరెడ్డి మమ్మల్ని వదల్లేదు. ఇంటికి తీసుకెళ్ళి సంగటి, ఊరిబిండి పెట్టించాడు. వేరుశనక్కాయలు, ఎండుమిరపకాయలు కలిపి నూరిన ఆ ఊరిబిండి ముందు మా గోదావరి పచ్చళ్ళు చిన్నబోతాయి. ఈ మాట మా అమ్మ చదవకూడదు. బయల్దేరేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, "యాడంటే ఆడ నిమ్మకాయలు కోయగాకండి తల్లీ," అన్నాడు.

అప్పటికే మంజునాథ నూలు బరువుతో ధర్మవరం వెళ్ళిపోయాడు. మేం రైలెక్కి కూర్చున్నాక సుధీర్ నెమ్మదిగా అన్నాడు. "నువ్వు రెండో ఫైలు తెరిచినప్పుడు మంజునాథ ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. చూశావా?"

నేను చూడలేదు. ఫోన్ చేశాను. స్విచ్ఛాఫ్. రైలు కదిలాక మళ్ళీ చేశాను. ధర్మవరం వచ్చేదాకా చేస్తూనే ఉన్నాను.

ధర్మవరం

ధర్మవరం వీధుల్లో నడుస్తుంటే ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడు. మామూలు రోజైతే ఆగి వినేదాన్ని. గురువారం పొద్దున ఫోన్ నొక్కుకుంటూ ఆగకుండా నడిచాను. మంజునాథ ఫోన్ ఇంకా కలవలేదు.

నాగరాజు ఇంటి గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. రమ్మనలేదు. చేతిలో ఫోన్ మా వైపు తిప్పాడు.

"ఇదేంది?"

మంజునాథ వాట్సాప్ స్టేటస్. ఇక్కడికి నూలు చేరవేసేవాడు కాబట్టి వీధిలో సగం మంది ఫోన్లలో అతని నంబరుంది. వీడియో కింద "పెనుకొండ కోట" అని రాసి రెండు పువ్వులు పెట్టాడు. దగ్గరికి వంగి చూశాను. ల్యాప్‌టాప్ తెర మీద ఎండ కొట్టి సగం తెల్లగా అయిపోయింది. మిగతా సగానికి రామిరెడ్డి తలగుడ్డ అడ్డం. ఒక మూల గోడ ముక్క కనపడుతోంది. రాణీ లేదు, ఏనుగులూ లేవు. చూసినవాళ్ళెవరికైనా అది కోట గోడే. బతికాం అనుకున్నాను.

నాగరాజు శబ్దం పెంచాడు. "ఇది ఎవరికీ చూపించకూడదు, మీకు కాబట్టి చూపిస్తున్నా." నా గొంతు. చాలా స్పష్టంగా.

"ఎవురికీ చూపీకూడదంటావు, చూపిస్తావు. మొన్న నాతో ఏం చెప్తివి?" అన్నాడు నాగరాజు. ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నయమనిపించింది. "మీ గుట్టే నిలపల్యాకపోతిరి. పెండ్లికూతురు పాప గుట్టు ఎట్ల నిలుపుతారు? పోయి రాండి."

జరిగింది జరిగినట్టు చెప్పాను. నిమ్మకాయలు, ఎద్దు, కెమెరా, వేల కోట్ల ఆట, అన్నీ. రేపు చీర పంపకపోతే పద్నాలుగు మందికి పని పోతుందని కూడా చెప్పాను. ఆయన విన్నాడు.

"పద్నాలుగు మంది, సరే. ఆ పాప ఒక్కతే గదా? ఒక్కతే అని మాట తప్పమంటావా?"

సుధీర్ సంచీ భుజానికెత్తుకున్నాడు. అప్పుడు లోపల్నుంచి ఆయన భార్య లక్ష్మీదేవి వచ్చింది. చేతిలో చీర. మగ్గం దిగిన మడత ఇంకా చల్లారలేదన్నట్టు రెండు చేతులా పట్టుకుంది.

"తిరగేసి ఫొటో తీసుకోనీ," అంది మొగుడితో. "ఎనకపక్క జరీ పోగులు అడ్డదిడ్డంగ ఉంటాయి. నెమలో, మామిడిపిందో బుటా ఎవురికీ తెలీదు. గుడ్డ ఎట్ల పడతాదో, ఎట్ల మెరుస్తాదో అంతే గదా వీళ్ళకు కావల్సింది?"

"అంతేనక్కా," అన్నాను. నిజంగా అంతేనా అని ఆలోచించే ఓపిక నాకు లేదు.

నాగరాజు ముందు మంజునాథకు ఫోన్ చేశాడు. ఆయనకు కలిసింది! "ఏం మామా, గోడే గదా, దాంట్లో ఏముండాది?" అని అవతల్నుంచి వినపడింది. "ఏముంటే నీకేల, తీసెయ్," అన్నాడు. తీసేశాక ఫోన్ నాకు చూపించి, "ముందుపక్క పెండ్లికూతురిది. ఎనకపక్క నీది," అన్నాడు.

ముందు గదిలో తలుపు వెలుగు పడేచోట, ఎదుటింటి వాళ్ళకు కనపడకుండా దుప్పటి అడ్డం కట్టి, తిరగేసిన చీరను లక్ష్మీదేవి భుజం మీద వేసుకుంది. కుచ్చిళ్ళు ఎలా పడాలో ఆవిడకి చెప్పక్కర్లేదు. మేం చుట్టూ తిరుగుతూ ఫొటోలు తీస్తున్నాం. సగం కూడా కాకముందే నాగరాజు ఫోన్ మోగింది. పెళ్ళికూతురివాళ్ళు ముందే బయల్దేరారట, బత్తలపల్లి దాటేశారట.

"ఎంతసేపు?" అన్నాను.

"అర్ధగంట."

మిగతా రెండు గంటల పని అరగంటలో చేశాం. సుధీర్ చొక్కా ఒంటికి అంటుకుపోయింది. లక్ష్మీదేవి రెప్ప కూడా వెయ్యకుండా నిలబడింది, కాళ్ళు లాగుతున్నాయని ఒక్కసారీ అనలేదు. చివరి ఫొటో తీసి చీర ఆవిడ భుజం మీంచి దించేసరికి వీధిలో కారు ఆగింది. మేం పెరటి గుమ్మంలోంచి బయటపడ్డాం. వెళ్తూ వెళ్తూ ఒక ఆడపిల్ల గొంతు విన్నాను. "ఓయమ్మా!" అంది, అంతే. చీర మడత విప్పినట్టున్నారు. ఆ బుటా ఏమిటో నాకిప్పటికీ తెలియదు.

తిరిగొచ్చాక

శుక్రవారం సాయంత్రం గడువు ముగిసే ముందు చీర పంపాం. సోమవారం జవాబొచ్చింది. అద్భుతం, ఇన్నాళ్ళకు నిజమైన గుడ్డ చూశాం, ఒక్క పోగు కూడా మార్చొద్దు అన్నారు. మేడ మీద మిగతా పన్నెండు మందీ కేకలు పెట్టారు. ఎవరో కేకు తెచ్చారు. నేనూ సుధీరూ ఒకరి మొహం ఒకరం చూసుకుని, కేకు తిన్నాం.

మొన్న లక్ష్మీదేవి ఫోన్ చేసింది. "పాప పెండ్లి బాగ జరిగెమ్మా. ఇప్పుడు ముందుపక్క గూడా తీసుకోవచ్చంట, ఆ పాపనే చెప్పింది. ఎప్పుడొస్తారు?"

ఇంక అవసరం లేదక్కా, వెనకపక్కే వాళ్ళకు నచ్చేసింది, రాణికి అదే కట్టేశారు అని చెప్పాను. నవ్వుతుందనుకున్నాను.

అటువైపు మగ్గం ఆపమని ఎవరితోనో అంది.

"రాణికి చీర తిరగేసి కట్టినారా?" అంది. "బజారులో ముక్కూ మొగం తెలీని మనిషి చీర తిరగబడినా, పక్కకు పిలిచి చెప్తాము గదమ్మా. అన్ని వేల కోట్లంటిరి, అంతమంది పని చేస్తాండారంటిరి. పాపం, ఆ రాణికి చెప్పే ఆడమనిషి ఒకరన్నా ల్యారా ఆడ?"

ఉన్నాను. ఇన్నాళ్ళూ నేనున్నాను. చెప్తే పని మళ్ళీ మొదటికొస్తుందనీ, ఈసారి పని మా చెయ్యి జారిపోవచ్చనీ భయపడి నోరు మూసుకుని కూర్చున్నాను. ఆ మాట ఆవిడతో అనలేక, తర్వాత చేస్తానక్కా అని పెట్టేశాను.

రాత్రంతా నిద్ర పట్టలేదు. నిన్న పొద్దున అందరికంటే ముందు ఆఫీసుకెళ్ళి, రాణిగారు చీర తిరగేసి కట్టుకున్నారని, సరిచేయడానికి మళ్ళీ ధర్మవరం వెళ్ళాలని ఆటవాళ్ళకు మెయిలు రాశాను. సుధీర్ వచ్చేదాకా ఆగితే ఆపేస్తాడని, అతను రాకముందే పంపేశాను.